అల్లుడి కొలతలు పంపు

పర్లాకిమిడి

చి.ల.సౌ. అమ్మడికి నాన్న దీవించి రాయునది.

ఫోనులో చెబుదామంటే మీ అమ్మ మధ్యలో లాక్కుంటుంది. అందుకే ఉత్తరం. మొన్న నువ్వు "బుడ్డోడికి ఒంట్లో నలతగా ఉంది, ఈ ఏడు సంక్రాంతికి రాలేం నాన్నా" అన్నావు. వాడు వెనకాల గంతులేస్తూ అరుస్తుంటే నాకు వినబడుతూనే ఉంది. మేం మళ్ళీ అప్పు చేస్తామని కదూ నీ భయం?

ఆ భయం పెట్టింది నేనే. నీ పెళ్ళయిన మొదటి పండక్కి నూటికి మూడు రూపాయల వడ్డీకి 20,000 తెచ్చాను. పలచటి ఉంగరం, అట్టపెట్టెలో రెడీమేడ్ బట్టలు, తొమ్మిది రకాల పిండివంటలు. నెలకి 600 చొప్పున 14 నెలలు వడ్డీయే కట్టాను, 8,400 అయింది. అసలు తీర్చింది ఆ తరవాత. అంతా అయ్యాక నువ్వేమన్నావు? ఉంగరం అల్లుడి వేలికి ఎక్కనే లేదని! ఒకసారి వేలు కొలిచి ఉంటే సరిపోయేది. నలభై ఏళ్ళుగా ఊరందరి ఒళ్ళూ కొలుస్తున్నవాణ్ణి, అల్లుడి వేలు కొలవడానికి సిగ్గుపడ్డాను.

ఈ ఏడు సంగతి విను. రేషన్లో వచ్చేవి ఉప్పుడు బియ్యం, అరిసెలకి పనికిరావు. పక్కింటి ఒడియా మౌసీకి పొలం నుంచి కొత్త బియ్యం వచ్చాయి. ఆవిడ కోడలికి రెండు జాకెట్లు కుట్టి ఇచ్చాను, మూడు కిలోల పచ్చి బియ్యం ఇచ్చింది. డబ్బు మాట ఆవిడా ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. పండగనాడు వాళ్ళింట్లో కొత్త బియ్యం నానబెట్టి కొబ్బరి, బెల్లం, అరటిపండు, పాలు కలిపి మకర చౌళ చేస్తారు కదా, గిన్నెడు మనకొస్తుంది. మన అరిసెలు అటు వెళ్తాయి. చిన్నప్పుడు నువ్వు ఆ గిన్నె కోసం గోడ దగ్గర కాపలా కాసేదానివి.

పిండివంటలు రెండే. అరిసెలు, జంతికలు. తొమ్మిది రకాలూ చేసిన ఏడు మీ అమ్మ కనుమ నాటికి నడుం పట్టుకుని మూలన పడింది, నీతో రెండు మాటలైనా మాట్లాడలేదు. ఈసారి పాకం నువ్వు చూడు. నీళ్ళ పళ్ళెంలో వేస్తే ఉండ కట్టాలి, అది మీ అమ్మ కళ్ళకి ఇప్పుడు సరిగా ఆనడం లేదు. కనుమకి గారెలూ, కోడికూరా ఎలాగూ ఉంటాయి.

పెద్దలకి పెట్టే పంచె ఒక్కటే కొంటాను. మా తాత పుట్టేనాటికి మన ఊరు మద్రాసు రాజధానిలో గంజాం జిల్లా, 1936లో ఒడిషాలో కలిసింది. ఆయన పంచె మాత్రం ఇప్పటికీ పాతపట్నం నుంచే వస్తోంది, ఆటోలో పోయి తెచ్చుకుంటాను. తాత పటం ముందు పెట్టాక కట్టుకునేది నేనే కాబట్టి నాకు వేరే బట్ట అక్కర్లేదు. పోయిన దసరా చీర మడత మీ అమ్మ ఇంకా విప్పలేదు.

బుడ్డోడి భోగిపళ్ళకి ఖర్చేముంది? మహేంద్రతనయ గట్టు మీద రేగుచెట్లు విరగకాశాయి. చిల్లర డబ్బాలో ఉంది, చామంతులు పెరట్లో ఉన్నాయి.

అన్నీ కలిపితే ఇలా వచ్చింది. బెల్లం, నూనె, నువ్వులు 450. మినప్పప్పు 130. కోడి 360. పంచె 350. కొబ్బరికాయలు, కూరలు, పాలు 410. గుడ్డ 400. మొత్తం 2,100. ధనుర్మాసం మొదలైన దగ్గర్నుంచి కుట్టుకూలిలో రోజుకి వంద తీసి మెషీను సొరుగులో వేస్తున్నాను. భోగికి ముందే సరిపోతుంది.

మీరు ప్రైవేటు బస్సు జోలికి పోకండి, పండగ రోజుల్లో వాళ్ళు అడిగిందే ధర. విశాఖ దాకా ఎలాగోలా వచ్చి గుణుపురం పాసింజరెక్కితే మన స్టేషన్లోనే దిగొచ్చు. కిక్కిరిసి ఉంటుంది, బుడ్డోణ్ణి కిటికీ పక్కన కూర్చోబెట్టు.

ఆ గుడ్డ సంగతి చెప్పలేదు కదూ. మూడుంబావు మీటర్ల కాటన్ కట్‌పీసు, లేత నీలం. అందులో అల్లుడికి లాల్చీ, మిగిలిన దాంట్లో బుడ్డోడికి చొక్కా. మీ అమ్మ ఇంకా ఒప్పుకోలేదు. అల్లుడికి ఇంట్లో కుట్టింది పెడితే మీ అత్తవారు ఏమనుకుంటారని రెండ్రోజులుగా మూతి ముడుచుకుని ఉంది. కాజాలు మాత్రం తనే కుడతానంది, అంటే సగం ఒప్పుకున్నట్టే.

నువ్వు చెయ్యాల్సింది ఒక్కటే. ఆయనకి బాగా నప్పిన చొక్కా ఒకటి మంచం మీద పరిచి పొడవు, భుజం, ఛాతీ, చెయ్యి, మెడ కొలిచి రాసి పంపు. ఆయనతో చెప్పకు. చంక దగ్గర టేపు బిగించి లాగకు, తేడా వచ్చేది అక్కడే.

మీ నాన్న