పట్టా భూమిలో కరెంటు లైను: డిపాజిట్ అడిగే ముందు పాత కాగితాలు తీయించండి

ఆంధ్రప్రదేశ్ ఇంధన శాఖ మంత్రి గారికి నమస్కారాలు.

సొంత పొలంలోనో ఇంటి స్థలంలోనో ఉన్న లైను జరపమని అర్జీ పెడితే కరెంటు సంస్థ ఏఈ (అసిస్టెంట్ ఇంజనీరు) వచ్చి చూస్తారు, ఎస్టిమేటు వేస్తారు, ఖర్చంతా డిపాజిట్ కట్టమంటారు. అసలు ఆ లైను అక్కడికి ఏ అధికారంతో వచ్చిందో ఎవరూ చూడరు. ఖర్చు ఎవరిదో తేలేది అక్కడే.

2003 విద్యుత్ చట్టం 164వ సెక్షన్ కింద టెలిగ్రాఫ్ అధికారాలతో, అంటే యజమాని అంగీకారం లేకుండానే లైను వేసే అధికారంతో, వేసిన లైన్లకు 1885 టెలిగ్రాఫ్ చట్టం 17వ సెక్షన్ వర్తిస్తుంది. 2023 టెలికమ్యూనికేషన్ల చట్టం కూడా ఈ లైన్ల వరకు ఆ భాగాన్ని అలాగే ఉంచింది. భూమిని వాడుకోవడానికి అవసరమైనా, అనువుగా ఉంటుందనుకున్నా, లైనును అదే ఆస్తిలో మరో చోటికి జరపమనో ఎత్తు పెంచమనో యజమాని అడగవచ్చు. నష్టపరిహారం ముట్టి ఉంటే, జరిపే ఖర్చు, ఆ పరిహారంలో సగం, ఈ రెండింట్లో ఏది తక్కువైతే అది కట్టాలి. అంటే 80 వేలు ముట్టినచోట ఖర్చు 3 లక్షలైనా కట్టాల్సింది 40 వేలే. పరిహారం ఇవ్వని చోట అర్జీతో పాటు డబ్బు కట్టమని ఆ సెక్షన్ అడగదు. కరెంటు సంస్థ కదలకపోతే కలెక్టర్‌కు దరఖాస్తు చేసుకోవచ్చు. ఆయన ఒప్పుకోవచ్చు, తిరస్కరించవచ్చు. ఆ ఉత్తర్వే అంతిమం. పక్కవాళ్ల చేనులోకో రోడ్డు మీదికో జరపమంటే మాత్రం ఈ సెక్షన్ పనికిరాదు.

164 అధికారం లేకుండా వేసిన లైన్ల సంగతి వేరు. కరెంటు సంస్థల పనుల కోసం కేంద్రం 2006లో తెచ్చిన వర్క్స్ ఆఫ్ లైసెన్సీస్ రూల్స్, 3వ నిబంధన ప్రకారం యజమాని ముందస్తు అంగీకారం, ఆయన అడ్డు చెప్తే కలెక్టర్ రాతపూర్వక అనుమతి కావాలి. తర్వాతైనా యజమాని తగిన కారణం చూపితే స్తంభాన్నీ, దాన్ని ఒరగకుండా పట్టే స్టే తీగనూ తీసేయమని కలెక్టర్ ఆదేశించవచ్చు. మన విద్యుత్ పంపిణీ సంస్థల (డిస్కంల) పరిధిలోనూ ఈ రక్షణ ఆచరణలో దక్కాలి.

ఇక పనిలో చిక్కు. 11 కేవీ (11 వేల వోల్టుల) లైనులో ఒక్క స్తంభాన్ని పక్కకు జరిపితే తిన్నగా పోయే లైను వంగుతుంది. అటూ ఇటూ ఉన్న స్తంభాల దగ్గరా కోణం మారుతుంది. తీగల లాగుడుకు స్తంభం ఒరగకుండా వంపు బయటివైపు స్టే వేయాలి. ఆ స్టే గట్టు దాటి పక్క మడిలో పడితే వాళ్లు అడ్డు చెప్తారు, ఫైలు ఆగిపోతుంది. సర్వేయర్ హద్దులు చూపాకే స్కెచ్ గీస్తే ఈ తగాదా చాలావరకు రాదు. స్టేకు చోటు లేకపోతే లోపలివైపు ఊతగా వాలు స్తంభం (స్ట్రట్ పోల్) పెట్టవచ్చు. కోత మిషనుకు తీగ తగలడమే ఇబ్బందైతే జరపనే అక్కర్లేదు, 9.1 మీటర్ల స్తంభాల స్థానంలో ఇంకా పొడవైనవి వేస్తే చాలు. ఇల్లు కట్టేవారికి అలా కుదరకపోవచ్చు. 11 కేవీ తీగకు కట్టడం పైన 3.7 మీటర్లు, పక్కన 1.2 మీటర్లు ఖాళీ ఉండాలి. పై కొలత తీగ బాగా వేలాడినప్పటిది, పక్క కొలత గాలికి ఊగినప్పటిది. ఎండాకాలం మధ్యాహ్నం వేలాడే తీగను చలికాలం పొద్దున కొలిచి సరిపోతుందనడం ప్రాణాల మీదికి తెస్తుంది.

అందుకే, జరిపే ప్రతి ఫైల్లో ఎస్టిమేటు కంటే ముందు మూడు కాగితాలు ఉండాలని ఉత్తర్వులివ్వండి: 164 అధికారమిచ్చిన ఉత్తర్వు లేదా యజమాని అంగీకార పత్రం, పరిహారం చెల్లించిన రశీదు, హద్దులతో కూడిన స్కెచ్. వాటి నకళ్లు అర్జీదారుకు ఇవ్వాలి. లేని కాగితం లేదని రాసివ్వాలి. ఎస్టిమేటులో పాత తీగ, ఇన్సులేటర్లు, క్రాస్ ఆర్మ్‌ల (స్తంభం మీది అడ్డ కమ్మీల) విలువ తగ్గించి చూపాలి. పక్కవాళ్లు అడ్డు చెప్తే ఫైలు మూసేయకుండా కలెక్టర్‌కు పంపాలి. కుదరదంటే ఆ కారణాన్ని సబ్‌డివిజన్ ఇంజనీరు సంతకంతో రాతపూర్వకంగా ఇవ్వాలి.

ఇట్లు,
లైన్ల పని తెలిసిన భూ యజమానులం