తిట్టడం ఆపి తలుపు తట్టండి

గౌరవనీయులైన ఎన్నికల ప్రధానాధికారి గారికి,

నమస్కారం. పోలింగ్ శాతం తగ్గిన ప్రతిసారీ ఓటర్లు బద్ధకస్తులని తేల్చేయడం ఆనవాయితీ అయిపోయింది. ఎవరు గెలిచినా ఒరిగేదేమీ లేదని విసిగి ఇంట్లో కూర్చునేవాళ్లు ఉన్నారు, కాదనను. వాళ్ల నమ్మకం నిలబెట్టాల్సింది పార్టీలు. మీ చేతిలో ఉన్నది వేరే.

అద్దె ఇల్లు మారిన కూలీనే తీసుకోండి. పేరు పాత చిరునామాలోనే ఉంటుంది. మార్పించుకోవాలంటే దరఖాస్తు, నివాస రుజువు, గడువు. యజమాని కాగితం రాసివ్వడు. పోలింగ్ రోజు పాత బూత్ దాకా వెళ్లొస్తే ఆ పూట కూలి పోయినట్టే. వెళ్లాక జాబితాలో పేరే లేదంటే? మరుసటి ఎన్నికకు అతను కదలడు. అతన్నీ, ఆసక్తి లేనివాణ్నీ ఒకే గాటన కట్టేస్తున్నారు.

ఓటు తప్పనిసరి చేస్తే సరిపోతుందనేవాళ్లు ఆస్ట్రేలియాను చూపిస్తారు. నిజమే, 1922లో 60 శాతం లోపున్న పోలింగ్, 1924లో ఓటేయనివాళ్లకు జరిమానా వేసే చట్టం తెచ్చాక 1925లో 91 శాతం దాటింది. అయితే అక్కడ పోలింగ్ శనివారం పెడతారనీ, సొంత రాష్ట్రంలో ఏ బూత్‌లోనైనా ఓటేయొచ్చనీ ఎవరూ చెప్పరు. జరిమానా ఒక్కటే అరువు తెచ్చుకుంటే దెబ్బ పడేది ఆ కూలీ మీదే. నెదర్లాండ్స్ 1970లో ఈ నిర్బంధం ఎత్తేసింది. మరుసటి ఏడాది పోలింగ్ సుమారు 95 నుంచి 79 శాతానికి దిగింది. తగ్గుదల పెద్దదే. కానీ ఎవరూ బలవంతపెట్టకుండా వచ్చిన ఆ 79 శాతం నాకు ఎక్కువ ముఖ్యం.

ఓటేయమని చెప్పే మీ ప్రకటనల ఖర్చు గురించి ఒక మాట. 1998లో అమెరికాలోని న్యూ హేవెన్‌లో పరిశోధకులు దాదాపు ముప్పై వేల మంది ఓటర్ల మీద ప్రయోగం చేశారు. మనిషి ఇంటికెళ్లి అడిగినచోట పోలింగ్ స్పష్టంగా పెరిగింది. ఫోన్ చేసినచోట ఆ ఫలితం కనిపించలేదు. సినీతారల ఫ్లెక్సీలు ఆ ఫోన్ కంటే మేలు చేస్తాయని నేననుకోను.

కాబట్టి ఈసారి ఆ డబ్బులో కొంత ఇంటింటికీ వెళ్లే సిబ్బందికి కేటాయించండి. చిరునామా మార్పు అక్కడికక్కడే రాసుకునే అధికారం వాళ్లకివ్వండి. తొలగించిన పేర్లను, కారణంతో సహా, పోలింగ్‌కు నెల ముందే బూత్ దగ్గర అతికించండి. పోలింగ్ రోజున పేరు లేక వెనుదిరిగినవాళ్లు ఎందరో ప్రతి బూత్‌లోనూ రాయించి, పోలింగ్ శాతంతో పాటు ఆ లెక్కనూ ప్రకటించండి.

ఇట్లు,
ఒక ఓటరు