డైనమో మార్చి తప్పు చేశాను, ఆ డబ్బు తిరిగి ఇచ్చేశాను

మన షాపుకు వచ్చే ట్రాక్టర్ అన్నలందరికీ, ఒక మాట నేనే ముందు చెప్తే బాగుంటుంది, లేకపోతే హాలియా చాయ్ హోటల్ల దగ్గర అది ఇంకోలా తిరుగుతుంది.

మొన్న ఒక పెద్దాయన పాత ట్రాక్టర్ తెచ్చాడు. రోజూ పొద్దున బ్యాటరీ దిగిపోతుంది, ఇంకో ట్రాక్టర్‌తో గుంజితే తప్ప స్టార్ట్ కాదు. కాలువ నీళ్లు వచ్చాయి, కరిగెట్లు (నాట్లకు ముందు బురద దున్నడం) నడుస్తున్నాయి, షాపు ముందు లైన్ ఉంది. ఆ తొందరలో వోల్టు మీటర్ సరిగ్గా పెట్టకుండానే ఆల్టర్నేటర్ పోయిందన్నాను (ఇంజన్ తిరుగుతుంటే కరెంటు పుట్టించి బ్యాటరీ నింపేది, మనవాళ్లు దాన్ని కూడా డైనమో అనే అంటారు). కొత్తది బిగించి, బ్యాటరీని రాత్రంతా చార్జింగ్‌కు పెట్టి పంపాను. మూడు రోజులు బాగానే నడిచింది. నడవదా మరి, అది నేను నింపిన చార్జే కదా!

నాలుగో రోజు మళ్లీ వచ్చాడు. ఈసారి బండి రేసులో పెట్టి చూస్తే ఆల్టర్నేటర్ దగ్గర 14.2 వోల్టులు, బ్యాటరీ కొసల మీద 12.4 మాత్రమే. అంటే కరెంటు పుడుతుంది కానీ బ్యాటరీ దాకా రావట్లేదు. వైరు పట్టుకుని పోతే డ్యాష్‌బోర్డులో ఆంపియర్ మీటర్ వెనక నట్టు లూజు, లగ్గు (వైరు కొసకుండే లోహపు రింగు) నిండా పచ్చటి చిలుము, వేలు పెడితే చురుక్కుమంది. గీకి, కొత్త లగ్గు వేసి బిగిస్తే బ్యాటరీ మీద 14 వచ్చింది. ఖర్చు ముప్పై రూపాయలు కూడా కాలేదు. కొత్త ఆల్టర్నేటర్ విప్పి ఆయన పాతదే బిగించి, తీసుకున్న డబ్బంతా తిరిగి ఇచ్చాను. ఆయన ఒక్క మాట అనలేదు, చాయ్ తాగుదాం పా అన్నాడు, తిట్టినా అంత బాధ ఉండకపోయేది.

ఇకనుంచి రీడింగులు మీ ముందే తీసి బిల్లు మీద రాస్తాను. బండి ఆపి ఉన్నప్పుడు మంచి బ్యాటరీ 12.6 దాకా చూపాలి, నడుస్తుంటే 13.8 నుంచి 14.4 ఉండాలి, 15 దాటితే నీళ్లు మరిగి బ్యాటరీ పాడవుతుంది. అందుకే ఒట్టి బ్యాటరీ సంచిలో పెట్టుకుని బస్సులో రాకండి, బండి తెస్తేనే తెలుస్తుంది. వచ్చే ముందు బెల్టు, బ్యాటరీ కొసలు, తాళం తిప్పితే చార్జింగ్ లైటు వెలుగుతుందా లేదా మీరే చూసుకోండి, ఎందుకంటే కొన్ని బండ్లలో ఆ చిన్న బల్బు మాడినా చార్జింగ్ మొదలు కాదు.

ఇంకోటి, ఇంజన్ నడుస్తుండగా బ్యాటరీ వైరు పీకి చూసే అలవాటు దయచేసి మానండి. ఆల్టర్నేటర్ ఉన్న బండికి అలా చేస్తే లోపల డయోడ్లు (కరెంటును ఒకే వైపు పోనిచ్చే చిన్న భాగాలు) మాడిపోవచ్చు, అప్పుడు నిజంగానే మార్చాల్సి వస్తుంది.

ఈ సీజన్‌లో నేను విప్పిన పాత ఆల్టర్నేటర్లు ఇంకో ఐదు మూలకు పడి ఉన్నాయి. నిన్న రాత్రి అన్నీ బెంచ్ మీద పెట్టి తిప్పాను. మూడు నిజంగానే పోయాయి, రెండు బాగానే చార్జ్ ఇస్తున్నాయి. ఆ రెండు బండ్ల వాళ్లకీ ఫోన్ చేశాను, ఒకాయన రేపు వస్తున్నాడు, ఇంకొకాయన ఇంకా ఎత్తలేదు.