అరికాళ్ల మంటకు నొప్పి బిళ్ల మందు కాదు

సంపాదకుడికి,

అయ్యా,

రాత్రి దుప్పటి తగిలినా కాళ్లు భగ్గుమంటున్నాయని, చీమలు పాకినట్టు, సూదులు గుచ్చినట్టు ఉందని మందుల షాపుకొచ్చి చెప్పేవాళ్లు మన గోదావరి డెల్టాలో ఏ ఊళ్లోనైనా ఉంటారు. వాళ్ల చేతికి వచ్చేది సాధారణంగా ఎసిక్లోఫినాక్ స్ట్రిప్పు. అది వాపు వల్ల వచ్చే నొప్పికి మందు. షుగరు వల్లో, సర్పి తర్వాతో నరమే దెబ్బతిని ఉత్తినే మంట పుట్టిస్తుంటే దాంతో పెద్దగా ఒరిగేదేమీ ఉండదు. నెలల తరబడి మింగితే కడుపులో పుండు పడుతుంది, షుగరున్నవాళ్ల కిడ్నీలు దెబ్బతింటాయి. ఆర్‌ఎంపీ పొడిచే సూదిలో స్టెరాయిడ్ ఉంటే షుగరు ఇంకా పైకి పోతుంది.

ఇక ఎర్ర ఇంజెక్షన్, అంటే బీ12. లోటున్నవాళ్లకు అది నిజంగానే మందు. మెట్‌ఫార్మిన్ ఏళ్ల తరబడి వాడేవాళ్లకు తిండిలోని బీ12 సరిగా ఒంటపట్టదు, కాబట్టి పులస తినే ఊళ్లో బీ12 లోటేమిటి అనుకోకూడదు. అయితే రక్తపరీక్ష ఇంజెక్షన్‌కు ముందే చేయించుకోవాలి. సూది వేయించుకున్నాక ఇస్తే అంకె ఘనంగా వస్తుంది, ఉన్న లోటు కనపడదు. దాంతోపాటు మూడు నెలల షుగరు పరీక్ష, థైరాయిడ్, కిడ్నీల పనితీరు తెలిపే క్రియాటినిన్ కూడా చూస్తారు. యంత్రం పెట్టి చేసే నరాల పరీక్ష నార్మల్ అని వచ్చినంత మాత్రాన నొప్పి అబద్ధమని కాదు. ఆ యంత్రానికి లావు నరాలే అందుతాయి, మంట పుట్టించే సన్న నరాలు అందవు.

నరాల నొప్పికి పనికొచ్చే మందులు వేరే ఉన్నాయి. అసలు చిక్కు అక్కడే మొదలవుతుంది. అమిట్రిప్టిలిన్ రాత్రి పూట 10 మిల్లీగ్రాములతో మొదలుపెడతారు. ప్రీగాబలిన్ చాలామందికి 75తో, పెద్దవాళ్లకు అంతకన్నా తక్కువతో. డులోక్సెటిన్ 30తో మొదలై 60కి వెళుతుంది. వారానికో రెండు వారాలకో కొద్దికొద్దిగా పెంచుకుంటూ పోయి, తగిన మోతాదుకు చేరాక ఇంకో రెండు నుంచి నాలుగు వారాలు ఆగితేగానీ ఫలితం తేలదు. అమిట్రిప్టిలిన్‌కైతే మొత్తం మీద ఆరు నుంచి ఎనిమిది వారాలు. మనవాళ్లు పదో రోజునే ఆపేస్తారు. మత్తుగా ఉందని కొందరు. ఇంటర్‌నెట్‌లో చూస్తే అది డిప్రెషన్ మందని, ఇది మూర్ఛ మందని ఉంది, నాకు పిచ్చనుకున్నారా అని మరికొందరు. ఆ మందులే నరాల మంటకూ వాడతారని రాసిచ్చేటప్పుడు ఒక్క ముక్క చెబితే ఈ గొడవ ఉండదు. ఇంకోటి, ప్రీగాబలిన్, బీ12 కలిపిన బిళ్ల ఇక్కడ విరివిగా అమ్ముతారు. డాక్టరు ప్రీగాబలిన్ పెంచాలన్నా తగ్గించాలన్నా ఆ కలిపిన బిళ్లతో కుదరదు, విడి బిళ్ల అడగాలి.

ప్రోస్టేట్ ఇబ్బంది, గ్లాకోమా (కంటి నరం దెబ్బతినే జబ్బు), గుండె జబ్బు ఉంటే అమిట్రిప్టిలిన్‌కు ముందే చెప్పాలి. కిడ్నీ మందగించినవాళ్లకు ప్రీగాబలిన్ తగ్గించి ఇస్తారు. అర్ధరాత్రి లేచి రొయ్యల చెరువు గట్టు మీద ఏరియేటర్లు (నీళ్లకు గాలి అందించే యంత్రాలు) చూసుకునేవాళ్లు ఆ సంగతీ డాక్టరుకు చెప్పాలి, ఆ మత్తులో గట్టు జారితే నీళ్లలోకే. వాడుతున్న మందు టక్కున ఆపకూడదు, దించుకుంటూ ఆపాలి. మంటకని కాళ్లు వేడినీళ్లలో పెట్టడం మానాలి. స్పర్శ తగ్గిన కాలికి బొబ్బలెక్కినా తెలియదు.

కొన్నిటికి వ్యవధి ఉండదు. నడుము చుట్టూనో ఛాతీ మీదో ఒక పక్కన పొక్కుల వరస లేస్తే సర్పి. జాజు పూయించుకుంటే పూయించుకోండి గానీ ఎసైక్లోవిర్ 72 గంటల్లోపు మొదలవ్వాలి. నడుం నొప్పితోపాటు మూత్రం మీద అదుపు పోయినా, తొడల మధ్య తిమ్మిరి పట్టినా అదే రోజు పెద్దాసుపత్రికి. ముఖంలో కరెంటు కొట్టినట్టు క్షణాల పాటు వచ్చే పోటుకు పన్ను పీకించుకునే ముందు నరాల డాక్టరుకు చూపించాలి. దానికి కార్బమజెపిన్ అని వేరే మందుంది.

ఆశ పెట్టుకోవడానికి ఆధారం ఉంది. మంట మొత్తం పోతుందని ఎవరూ హామీ ఇవ్వలేరు. పదికి తొమ్మిదున్న నొప్పి నాలుగుకు దిగి, రాత్రి ఆరు గంటలు నిద్ర పడితే మనిషి మళ్లీ పనిలోకి వెళతాడు. ఒకటి పనిచేయకపోతే ఇంకోటి, రెండూ కలిపి, అదీ కాకపోతే పెయిన్ క్లినిక్‌లో నరం దగ్గర ఇచ్చే బ్లాకులు, అంటే నొప్పిని అడ్డుకునే ఇంజెక్షన్లు. వరస చాలా ఉంది. స్పెషలిస్టు దగ్గరికి వెళ్లేముందు రెండు వారాల పాటు గోడ క్యాలెండర్ గళ్లలో పొద్దున, రాత్రి నొప్పికి పదికి ఎన్ని మార్కులో, నిద్ర ఎన్ని గంటలో రాసుకుని ఆ కాగితం పట్టుకెళ్లండి. వాడిన స్ట్రిప్పులన్నీ సంచిలో వేసుకెళ్లండి. "తెల్ల గుండ్రటి బిళ్ల" అంటే ఏ డాక్టరుకూ అర్థం కాదు.

ఇన్ని వారాల వైద్యానికి కనీసం మూడు నాలుగుసార్లు చూపించుకోవాలి. అంతర్వేది మనిషి కాకినాడ వెళ్లాలంటే తెల్లారకముందే బస్సెక్కాలి, నరసాపురం వైపైతే సఖినేటిపల్లి రేవులో పంటు దాటాలి. మొదటిసారి ఓపిగ్గా వెళతాడు. రెండోసారి కూలి పోతుందని ఆగిపోతాడు, పాత చీటీ మీదే అదే మోతాదు కొనుక్కుంటూ "నాకు మందు పనిచేయలేదు" అంటాడు. పని చేయనిది మందు కాదు, దూరం.

కాబట్టి వైద్యారోగ్య శాఖకు మనవి. అమలాపురం, రామచంద్రపురం, నరసాపురం, తణుకు ప్రభుత్వాసుపత్రుల్లో రెండు వారాలకోసారైనా, ఫలానా వారమని బోర్డు మీద రాసిపెట్టి, నరాల వైద్యుడి ఓపీ నడపండి. మధ్యలో మోతాదు పెంచడం, తగ్గించడం స్థానిక డాక్టరు ఇ-సంజీవనిలో (ప్రభుత్వ ఆన్‌లైన్ వైద్య సలహా సేవ) ఆ స్పెషలిస్టును అడిగి చేయవచ్చు. ఫార్మసీలో 10 మిల్లీగ్రాముల అమిట్రిప్టిలిన్ ఎప్పుడూ ఉండాలి, దాని ధర ఎంతో కాదు. షుగరు ఓపీలో ప్రతి రోగి అరికాలినీ 10 గ్రాముల నైలాన్ తీగతో, 128 హెర్ట్జ్ ట్యూనింగ్ ఫోర్కుతో తాకించి స్పర్శ ఉందో లేదో చూడాలి. చెప్పులు విప్పించి చూస్తే మనిషికి అయిదు నిమిషాల పని.

– ఒక ఫార్మసిస్టు, కొత్తపేట