రోడ్డు తవ్వే అనుమతిలోనే చెట్టు వేర్ల లెక్క ఉండాలి

సంపాదకులకు,

గాలివానకు రోడ్డు మీద కూలిన చెట్టు మొదలు ఒకసారి దగ్గరగా చూడండి. ఒక పక్క వేర్లు పీచులు పీచులుగా చీలి, పొడవుగా బయటికొచ్చి ఉంటాయి. రెండో పక్క మొండిగా, కొసలు నల్లబడి, నొక్కితే పొడిపొడిగా రాలేట్టు ఉంటాయి. ఆ మొండి కొసలన్నీ తాడు పట్టి గీసినట్టు ఒకే వరసలో ఉంటే, అంతకుముందెప్పుడో కేబుల్‌కో పైపులైన్‌కో అక్కడ కాలువ తవ్వారన్నమాట. వేరు తెగిన రోజు చెట్టు పచ్చగానే ఉంటుంది. కుళ్లు లోపలికి పాకి, నేల మీద పట్టు సడలడానికి ఏళ్లు పట్టవచ్చు. అప్పటికి ఆ కాలువ సంగతి ఎవరికీ గుర్తుండదు.

2002 నాటి వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం వల్ల రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ చెట్టు నరకాలంటే అనుమతి కావాలి. పట్టణాల్లో మాత్రం గొడ్డలి కన్నా జేసీబీతోనే ఎక్కువ చేటు జరుగుతోంది. రోడ్డు తవ్వకానికి పెట్టే దరఖాస్తులో కాలువ పొడవు, వెడల్పు, లోతు అడుగుతారు. దారిలో ఎన్ని చెట్లున్నాయో కూడా అక్కడే అడగాలి. మున్సిపాలిటీలు సరిచేయాల్సింది ఇక్కడే.

నీళ్లు, పోషకాలు పీల్చే సన్న వేర్లలో ఎక్కువ భాగం పై రెండడుగుల మట్టిలోనే ఉంటాయి. కొమ్మల నీడ దాటి కూడా పరుచుకుంటాయి. ఎంత మేర కాపాడాలో తేల్చడానికి టేపు ఒకటి చాలు. నేల నుంచి నాలుగున్నర అడుగుల ఎత్తున మాను చుట్టుకొలత తీసుకుని నాలుగుతో హెచ్చిస్తే, మాను నుంచి ఎంత దూరం వదలాలో తెలుస్తుంది. నిపుణులు వాడే ‘వ్యాసానికి పన్నెండు రెట్లు’ లెక్కకు ఇది దగ్గరగానే వస్తుంది. చుట్టుకొలత 150 సెంటీమీటర్లున్న వేపకు అన్ని వైపులా 6 మీటర్లు.

ఇరుకు రోడ్లలో అంత వదలడం కుదరదు, నిజమే. అక్కడ పని తీరు మారాలి. ఆ మేరకు యంత్రం ఆపి చేత్తో తవ్వాలి. 2.5 సెంటీమీటర్ల కన్నా లావు వేరు తగిలితే కోయకుండా దాని కింద నుంచి పైపు దూర్చాలి. సన్నవి తెగక తప్పకపోతే పదునైన రంపంతో నున్నగా కోయాలి. జేసీబీ బకెట్ వేరును కోయదు, పట్టి లాగుతుంది. దాంతో తెగిన చోటి నుంచి మాను వైపు బెరడు చీలి, కుళ్లు ఆ చీలిక వెంటే ఎక్కుతుంది. బయటపడ్డ వేర్లను తడి గోనెసంచులతో కప్పి, వీలైతే అదే రోజు మట్టి పూడ్చాలి. పెద్ద లైన్లకు భూమి అడుగున అడ్డంగా డ్రిల్ చేసే పద్ధతి ఉంది. మీటరుకు పైగా లోతున పోతే చాలా వేర్లు బతుకుతాయి. ఒక పక్క డ్రైనేజీకి ఇప్పటికే తవ్విన చెట్టుకు రెండో పక్క కేబుల్ తవ్వకానికి అనుమతి ఇవ్వనే కూడదు. రెండు వైపులా పట్టు పోయిన చెట్టు జనం మీద పడుతుంది.

చెట్ల చుట్టూ మీటరు మేర కాంక్రీటు తొలగించాలని జాతీయ హరిత ట్రిబ్యునల్ 2013లో ఢిల్లీ అధికారులను ఆదేశించింది. మన ఫుట్‌పాత్‌ల మీద పేవర్ బ్లాకులు బెరడుకు ఆనించి పరిచిన చోట్లు ఎన్నో. వాటినీ చేత్తోనే తీయించాలి. ఖాళీ అయిన చోట మట్టిని మానుకు ఎగదోయకూడదు, బెరడు కుళ్లుతుంది. కరెంటు తీగల కోసం ఏటా చెట్ల తలలు నరకడం మానాలి. మొండి కొమ్మల నుంచి గుబురుగా వచ్చే చిగుళ్లకు పట్టుండదు, చిన్న గాలికే విరుగుతాయి. ఆ వీధుల్లో ఇన్సులేషన్ ఉన్న తీగలన్నీ కలిపి పేనిన ఏబీ కేబుల్ వేయడమే మేలు.

రోడ్డు పూడ్చడానికి తవ్వేవారి నుంచి ముందే డబ్బు కట్టించుకుంటున్నారు కదా. అలాగే చెట్లకూ డిపాజిట్ కట్టించుకుని మూడేళ్లు ఉంచుకోవాలి. కాలువ పూడ్చకముందే ప్రతి చెట్టు దగ్గరా వేర్లు కనిపించేలా ఫొటో తీసి, తేదీతో ఫైల్లో పెట్టాలి. ఆ ఫొటో చేరాకే పూడ్చడానికి అనుమతి ఇవ్వాలి. పూడ్చేశాక ఏ వేరు ఎవరు తెంచారో తేల్చడం ఎవరివల్లా కాదు.