బీపీ మిషన్ ‘ఎర్రర్’ అంటే నాడి పట్టి చూడండి

సంపాదకుడు గారికి,

కిందటి వేసవిలో మా వీధిలో బీపీ, షుగరు పరీక్షలు చేశారు. మా అక్క చేతికి పట్టీ కడితే మిషన్ మూడుసార్లు ‘ఎర్రర్’ అంది. బ్యాటరీలు అయిపోయాయేమోనని నాలుగోసారి వచ్చిన అంకె రాసుకుని పంపేశారు. నెల రోజులుగా గుండె దడగా ఉందని అక్క అంటూనే ఉంది. ఎండలకేమోలే అన్నాం. మూడు వారాలు తిరక్కుండానే కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి. ఒంగోలులో ఈసీజీ తీసి, గుండె లయ తప్పిందన్నారు. ఏట్రియల్ ఫిబ్రిలేషన్ అట. గుండె పై గదులు సరిగా ముడుచుకోక అక్కడ నిలిచిన రక్తం గడ్డకట్టి మెదడుకు చేరింది. ఈ జబ్బున్నవాళ్లకు పక్షవాతం ముప్పు సుమారు 5 రెట్లు ఎక్కువ.

మిషన్ బాగానే ఉంది. నాడి ఎగుడుదిగుడుగా కొట్టుకుంటే ఆ మిషన్లు తడబడతాయని అప్పుడే తెలిసింది.

అక్కకు ఇది ఊరికే రాలేదు. పదేళ్ల నాటి బీపీ, తలనొప్పి వస్తేనే మాత్ర. రక్తపరీక్షలో థైరాయిడ్ కూడా ఎక్కువగా పనిచేస్తోందని తేలింది. ఇంకొందరికి చిన్నప్పటి కీళ్లవాపు జ్వరం గుండె కవాటాలను పాడుచేసి, నడివయసులో ఇలా బయటపడుతుంది. పెళ్లిళ్లలో, పండగల్లో ఒక్క రాత్రి అతిగా తాగినా లయ తప్పొచ్చు. గురక పెడుతుంటే హాయిగా నిద్రపోతున్నాడనుకుంటాం గానీ, మధ్యమధ్య ఊపిరి ఆగే గురక గుండెకు చేటు.

ఫ్లోరైడు నీళ్లకు పేరుపడిన మా కనిగిరి వైపు కిడ్నీ జబ్బులూ తక్కువేం కాదు. అలాంటివారిని చూడబోతూ మనం ప్రేమగా కొబ్బరి బోండాలు పట్టుకెళతాం. బోండాం నీళ్లలో పొటాషియం ఎక్కువ. పాడైన కిడ్నీలు దాన్ని సరిగా బయటికి పంపలేవు. అది రక్తంలో పెరిగితే గుండె లయ ప్రమాదకరంగా తప్పుతుంది. డాక్టర్ని అడక్కుండా ఆ నీళ్లు తాగించొద్దు.

దడ వచ్చిన ప్రతివారికీ ఇదే జబ్బని కాదు. రక్తహీనతకూ, బెదురుకూ దడ వస్తుంది. లయ తప్పినా దడే తెలియనివాళ్లూ ఉన్నారు. అందుకే ఇంటింటికీ వచ్చే ఆరోగ్య సిబ్బంది 60 ఏళ్లు దాటినవారి మణికట్టు పట్టుకుని నిండా ఒక్క నిమిషం నాడి చూడాలని జిల్లా వైద్యాధికారులను కోరుతున్నాను. దానికి పైసా ఖర్చు లేదు. తేడా కనిపిస్తే అదే రోజు ఈసీజీ తీయించాలి. ఒక్కసారి మామూలుగా వచ్చినంత మాత్రాన వదిలేయకూడదు. లయ అప్పుడప్పుడూ మాత్రమే తప్పేవారికి 24 గంటలూ ఒంటి మీదే ఉండి గుండె లయను నమోదుచేసే హోల్టర్ మిషన్ కావాలి.

మరొకటి. అక్క ఇప్పుడు రక్తం గడ్డకట్టకుండా వార్ఫరిన్ మాత్ర వేసుకుంటోంది. మోతాదు తగ్గితే గడ్డ, పెరిగితే రక్తస్రావం. రక్తం ఎంతసేపటికి గడ్డకడుతోందో చూసే పీటీ-ఐఎన్ఆర్ పరీక్ష కోసం పడిపోయిన కాలుతో ఆమెను బస్సెక్కించి ఒంగోలు తీసుకెళ్లాల్సి వస్తోంది. వారానికి ఒక్కరోజైనా ఆ పరీక్ష మా ఊళ్లోనే జరిగే ఏర్పాటు చేయండి.

ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు,
కనిగిరి, మార్కాపురం జిల్లా