పథ్యం చెప్పబోయేవారికి రోగి మంచం దగ్గరే శిక్షణ కావాలి

సంపాదకులకు నమస్కారములు.

ఒడిశాలోని గంజాం, గజపతి జిల్లాల ఆసుపత్రులలో 29 ఏళ్లు డైటీషియన్‌గా పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్న తెలుగు మహిళను. సరిహద్దుకు అవతల శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలోని కిడ్నీ బాధితుల గురించి, గిరిజన గ్రామాల్లోని బలహీన శిశువుల గురించి తెలుగు పత్రికలలో తరచు వార్తలు వస్తుంటాయి. ఈ రోగులకు ఏం తినాలో, ఏం మానాలో రేపు చెప్పవలసిన విద్యార్థులకు ఆసుపత్రుల్లో ఈనాడు ఎలాంటి శిక్షణ దొరుకుతోందో మాత్రం ఎక్కడా చర్చకు రావడం లేదు. అందుకే ఈ లేఖ రాస్తున్నాను.

పోషకాహార శాస్త్రం చదివే పిల్లలను కళాశాలలు కొన్ని వారాలో, కొన్ని నెలలో ఆసుపత్రికి పంపుతాయి. పిల్లల మాటల్లో ఇది ‘పోస్టింగ్’. పోస్టింగ్ పూర్తయిందని మేము సంతకం చేయడానికి హాజరుపట్టీలో రోజులు నిండితే చాలు; ఈ అమ్మాయి ఎంతమంది రోగులతో మాట్లాడింది, వారిలో ఎందరిని రెండోసారి చూసింది అని నా ఉద్యోగ జీవితంలో ఏ కళాశాలా నన్ను అడగలేదు. నా అభ్యంతరం ప్రధానంగా ఈ లెక్క మీదనే.

మొదటి వారం విద్యార్థులను వంటశాలకు పంపుతారు. వంటశాల పని చిన్నదని నేననను. పచ్చి బియ్యం ఎంత తూస్తే ఎంత అన్నమవుతుందో, గరిటెడు పప్పులో పప్పెంతో నీళ్లెంతో తెలియని డైటీషియన్ రాసే క్యాలరీల లెక్కకు విలువ లేదు; ఈ సంగతి నాకు నేర్పింది నా ప్రొఫెసర్లు కారు, మా ఆసుపత్రి వంటమనిషి. అయితే వంటశాల నుంచి పైకి వచ్చాక జరగవలసింది జరగడం లేదు. డయాబెటిక్ డైట్, రీనల్ (కిడ్నీ రోగుల) డైట్, సాఫ్ట్ డైట్, రైల్స్ ట్యూబ్ (ముక్కు గొట్టం) ఫీడ్ అంటూ పడకల వారీగా డైట్ షీట్లు నింపే గుమాస్తా పనిలో మిగిలిన వారాలు గడిచిపోతున్నాయి. ఆ షీటులో ఉన్న మనిషి ఇంట్లో ఏం తింటాడో విద్యార్థికి తెలియదు, తెలుసుకోమని చెప్పేవారూ లేరు.

నా వల్ల జరిగిన ఒక పొరపాటును ఇక్కడ చెప్పుకోవాలి. ఇచ్ఛాపురం అవతల ఉద్దానం పల్లె నుంచి వారానికి రెండుసార్లు డయాలసిస్‌కు వచ్చే పెద్దాయన ఒకరు ఉండేవారు. పోస్టింగ్‌లో ఉన్న ఒక విద్యార్థిని, పాఠ్యపుస్తకం చూసి, ఆయనకు చక్కని అక్షరాలతో చార్టు రాసి ఇచ్చింది. అందులో ఓట్స్, బ్రౌన్ బ్రెడ్, ఉడికించిన యాపిల్ ఉన్నాయి. మాంసకృత్తులు బాగా తగ్గించాలని ఉంది. కూల్‌డ్రింకులు తాగరాదని ఉంది. రెండు వారాల తరువాత ఆయన ఒళ్లంతా నీరసించి, గుండె లయ తప్పి అత్యవసర విభాగానికి వచ్చారు. రక్తంలో పొటాషియం ప్రమాదకరంగా పెరిగింది. వెంటనే డయాలసిస్ చేయడంతో గండం గడిచింది.

తరువాత విచారిస్తే తేలిందేమిటంటే, కూల్‌డ్రింకు వద్దన్నారు కదా అని ఇంటివారు ‘ఒంటికి చలవ’ చేస్తుందని రోజుకు రెండు కొబ్బరిబోండాలు తాగించారు. ఉద్దానంలో కొబ్బరి చెట్టు లేని పెరడు అరుదు. కొబ్బరినీళ్లలో పొటాషియం ఎక్కువని, పాడైన మూత్రపిండాలు దాన్ని బయటికి పంపలేవని ఆ అమ్మాయికి తెలుసు. పరీక్షలో అడిగితే రాసేది కూడా. ఆయన తాగుతారేమోనన్న అనుమానమే రాలేదు, ఎందుకంటే ఆమె ఆయన్ను ఏమీ అడగలేదు. చార్టులో రెండో తప్పు ఇంకా లోతైనది. కిడ్నీలు దెబ్బతిన్నా డయాలసిస్ మొదలుకాని దశలో శరీర బరువులో కిలోకు సుమారు 0.6 గ్రాముల మాంసకృత్తులకు పరిమితం చేయడం ఉంది. డయాలసిస్ మొదలయ్యాక, యంత్రం గుండా అమైనో ఆమ్లాలు పోతాయి కాబట్టి, అదే మనిషికి కిలోకు 1 నుంచి 1.2 గ్రాములు కావాలి. అంటే 50 కిలోల మనిషికి 50 నుంచి 60 గ్రాములు. గుడ్డు, తాజా చేప తినమని ధైర్యం చెప్పవలసిన రోగిని ఆ చార్టు పస్తు పెట్టింది.

ఆ అమ్మాయిని నేను తప్పుపట్టలేదు. ఆమె పక్కన ఉండవలసిన నేను ఆ రోజు నాలుగు వార్డుల డైట్ షీట్ల మీద సంతకాలు పెడుతూ, ఆ చార్టును చదవకుండానే దాని మీద కూడా పెట్టాను.

కోలుకున్నాక ఇద్దరం ఆయన మంచం పక్కన స్టూళ్లు వేసుకుని ముప్పావుగంట కూర్చున్నాం. “కొబ్బరినీళ్లు తాగుతారా?” అని అడిగితే రోగి మన ముఖం చూసి, మనకు కావలసిన జవాబు చెబుతాడు. “పొద్దున్న లేవగానే ఏటి తాగుతావు తాతా? మరి దాహమేస్తేనో?” అని అడిగితే తాగినవన్నీ వాటంతటవే బయటికి వస్తాయి. నిద్ర లేచింది మొదలు మళ్లీ పడుకునే దాకా నిన్న తిన్నదంతా ఇలా వరుసగా రాబట్టడం, స్టీలు గ్లాసు, గరిటె, చెంబు చూపించి ‘దీనితో ఎన్ని?’ అని కొలత తేల్చడం ఏ తరగతి గదిలోనూ పట్టుబడే విద్య కాదు. ఆ ముప్పావుగంటలో ఎండుచేప, ఆవకాయ రూపంలో వచ్చే ఉప్పు ఎంతో తెలిసింది. తోటకూరను సన్నగా తరిగి, ఎక్కువ నీళ్లలో ఉడికించి ఆ నీళ్లు వంపేస్తే పొటాషియం కొంత తగ్గుతుందని ఆయన కోడలికి చెప్పగలిగాం. సోడియం తక్కువని చెప్పి కొట్లో అమ్మే ఉప్పును వారి అబ్బాయి ప్రత్యేకంగా కొని తెచ్చిన సంగతీ అప్పుడే బయటపడింది. అలాంటి ఉప్పులో సోడియం బదులు పొటాషియం క్లోరైడ్ కలుపుతారు. కిడ్నీ రోగికి అది విషంతో సమానం.

తీవ్ర పోషకాహార లోపమున్న పిల్లలను చేర్చుకునే పునరావాస కేంద్రాలలో ఇదే లోటు మరో రూపంలో కనిపిస్తుంది. జబ్బ చుట్టుకొలత 11.5 సెంటీమీటర్లకు తక్కువున్న బిడ్డ వస్తే, కడుపునిండా పెట్టాలని ఎవరికైనా చేతులు తహతహలాడతాయి. ఒక్కసారిగా ఎక్కువ పెడితే రక్తంలో ఫాస్ఫేటు పడిపోయి ప్రాణం మీదికి వస్తుంది కనుక, మొదటి రోజుల్లో 100 మిల్లీలీటర్లకు 75 కిలో క్యాలరీలిచ్చే ఎఫ్-75 అనే చికిత్స పాలను రెండు మూడు గంటలకోసారి, రాత్రి కూడా ఆపకుండా, కొద్దికొద్దిగా పట్టించాలి. ఆకలి తిరిగొచ్చి, వాపు తగ్గాకే 100 కిలో క్యాలరీల ఎఫ్-100కు మారాలి. పోస్టింగ్ విద్యార్థులు ఉదయం పదింటికి వచ్చి సాయంత్రం నాలుగింటికి వెళ్లిపోతారు. రాత్రి రెండు గంటలకు నిద్రమత్తులో ఉన్న తల్లిని లేపి పాలు పట్టించడం ఎంత కష్టమో వారు చూడరు. చూడనివారు రేపు ఉద్యోగంలో చేరి, తల్లి నిర్లక్ష్యం వల్లనే బిడ్డ బరువు పెరగలేదని కేస్ షీటులో రాస్తారు.

రాయగడ, కోరాపుట్ వైపు ఎర్ర రక్తకణాలు కొడవలి ఆకారంలోకి మారే వంశపారంపర్య వ్యాధి, సికిల్ సెల్ ఉంది. దీని నిర్మూలనకు 2023 జులైలో జాతీయ కార్యక్రమం కూడా మొదలైంది. హిమోగ్లోబిన్ తక్కువ కనబడగానే ఐరన్ ఎక్కువున్న ఆహారం పెట్టమని రాసే అలవాటు ఈ రోగుల దగ్గర పనికిరాదు. తరచు రక్తం ఎక్కించుకునేవారి ఒంట్లో ఐరన్ ఇప్పటికే పేరుకుని ఉండవచ్చు.

ఇక భాష. 1936 ఏప్రిల్ 1న ఒడిశా వేరు ప్రావిన్సు అయినప్పుడు గంజాం మద్రాసు నుంచి విడిపోయింది. జబ్బు చేసినవారు మాత్రం నేటికీ ఏ ఆసుపత్రి దగ్గరైతే అక్కడికే వెళతారు. ఇచ్ఛాపురం నుంచి బరంపురం పాతిక కిలోమీటర్లే. పర్లాకిమిడి వారికి పాతపట్నం పక్క ఊరితో సమానం. అందువల్ల మా వార్డుల్లో కేస్ షీటు ఇంగ్లీషులో, సిస్టరు మాట ఒడియాలో, రోగి గోడు తెలుగులోనో, గిరిజన భాషలైన సవరలోనో కువిలోనో ఉంటాయి. భువనేశ్వర్ నుంచి వచ్చిన విద్యార్థిని, రోగి ‘చోడి అంబలి’ అంటే అర్థం కాక ఆ గడి ఖాళీగా వదిలేసింది. హైదరాబాదులో చదివిన మరో అమ్మాయి ‘మాండియా జావు’ అంటే కొత్త వంటకమనుకుంది. రెండూ రాగులే. కొన్ని ఇళ్లలో చద్దన్నంలోని తరవాణిని వేరుగా వంచుకుని తాగుతారు. దాన్ని లెక్కలో వేయకపోతే, నీటిపై పరిమితి ఉన్న రోగి రోజుకు ఎంత ద్రవం తీసుకుంటున్నాడో తేలదు. బాలింతకు మంచినీళ్లు కూడా తగ్గించి, కారప్పొడి, వెల్లుల్లితో అన్నం పెట్టే పథ్యం ఇంకా చాలా ఇళ్లలో ఉంది. ఆ ఇంటి పెద్దావిడను ఒప్పించకుండా బాలింత చేతికి చార్టు ఇవ్వడం కాగితం దండుగ.

ఇదే పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడిగా ఉంటూ గిడుగు రామమూర్తి పంతులుగారు సవర పిల్లలకు చదువు చెప్పాలంటే ముందు తాను సవర నేర్చుకోవాలని నిశ్చయించుకుని, నేర్చుకుని, ఆ భాషకు నిఘంటువులు కూర్చారు. మన విద్యార్థులను అంత అడగడం లేదు. తిండి, దాహం, కొలత, నొప్పి, విరేచనం, ఉపవాసం వంటి ఓ వంద మాటలు ఆ వార్డులో వినబడే మూడు నాలుగు భాషల్లో వస్తే చాలు. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2017లో వెలువరించిన ఆహార పోషక విలువల పట్టికల్లో 528 పదార్థాలున్నాయి, వాటికి ప్రాంతీయ భాషల పేర్లూ ఉన్నాయి. పోస్టింగ్ మొదటిరోజు ఆ పేర్ల జాబితాను చేతికిచ్చి, వార్డులో వినబడిన పేర్లను దానికి చేర్చుకోమంటే సగం పని అయినట్లే.

చట్టం లేదని ఇప్పుడు అనడానికి వీల్లేదు. 2021లో వచ్చిన అనుబంధ, ఆరోగ్య సంరక్షణ వృత్తుల జాతీయ కమిషన్ చట్టం డైటీషియన్లను తన షెడ్యూల్లో చేర్చింది. ఆరోగ్య సంరక్షణ వృత్తి నిపుణుల డిగ్రీకి కనీసం 3,600 గంటల చదువు ఉండాలని చెప్పింది. భారత డైటెటిక్ సంఘం రిజిస్టర్డ్ డైటీషియన్ పరీక్షకు ఆరు నెలల ఇంటర్న్‌షిప్ అడుగుతుంది. గంటలూ నెలలూ అవసరమే. కానీ ఆరు నెలలూ డైట్ షీట్లు నింపినవారికి, ఆరు నెలలూ రోగులతో మాట్లాడినవారికి ఒకే ధ్రువపత్రం వస్తున్నప్పుడు, ఆ పత్రం చూసి ఉద్యోగమిచ్చే ఆసుపత్రికి తేడా ఎలా తెలుస్తుంది?

అందువల్ల కళాశాలలు, ఆ చట్టం కింది రాష్ట్ర మండళ్లు హాజరుపట్టీతోపాటు రోగుల పట్టీని కూడా తప్పనిసరి చేయాలి. పేర్లు లేకుండా, ఎవరిని చూస్తూ నేర్చుకున్నారు, ఎవరితో పర్యవేక్షణలో తాము మాట్లాడారు, ఎవరిని రెండోసారి కలిసి చెప్పిన మాట నిలిచిందో లేదో చూశారు అన్నది అందులో ఉండాలి. ఈ మూడో గడి నేను చూసినంతలో ఎక్కడా లేదు, అసలు విద్య తేలేది అక్కడే. పోస్టింగ్‌లో కనీసం కొన్ని తెల్లవారుజాములు, కొన్ని రాత్రులు ఉండాలి. పర్యవేక్షించే డైటీషియన్‌కు ఆ గంటలు ఉద్యోగ బాధ్యతల్లో భాగంగా రాసి ఇవ్వాలి. వందల పడకలకు ఒక్కరే ఉండే చోట, ఆ ఒక్కరి నెత్తినే పదిమంది విద్యార్థులను పెడితే నాలాగే చదవకుండా సంతకాలు పెడతారు. కొన్ని చోట్ల ఇంటర్న్‌షిప్ పేరుతో విద్యార్థి దగ్గరే రుసుము తీసుకుని, ఉద్యోగి చేయవలసిన పనిని వారితో చేయిస్తున్నారు. దీన్ని శిక్షణ అనడానికి నాకు మనసొప్పదు.

సరిహద్దు విషయంలో ఒడిశా, ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వాలు కలిసి చేయదగిన పని ఒకటుంది. బరంపురం వైద్య కళాశాల ఆసుపత్రిలో పోస్టింగ్ చేసే విద్యార్థులను రెండు వారాలు పలాసలో 2023 డిసెంబరులో ప్రారంభమైన 200 పడకల కిడ్నీ ఆసుపత్రికి, శ్రీకాకుళం వైపు విద్యార్థులను రెండు వారాలు కోరాపుట్‌లోని వైద్య కళాశాల ఆసుపత్రికి పంపేలా ఒప్పందం కుదుర్చుకోవచ్చు. దీనికి కొత్త భవనాలు అక్కరలేదు. హాస్టలులో నాలుగు మంచాలు, రెండు విశ్వవిద్యాలయాల మధ్య ఒక ఉత్తరం చాలు.

ఈ ప్రాంతంలో ఏ ప్రభుత్వ ఆసుపత్రి అనుమతించినా, వారంలో రెండు రోజులు వార్డుకు వచ్చి విద్యార్థుల పక్కన కూర్చోవడానికి నేను సిద్ధంగా ఉన్నాను. పారితోషికం అక్కరలేదు. విద్యార్థులు రాసే ప్రతి చార్టునూ ఈసారి చదివాకే సంతకం పెడతాను.

ఇట్లు,
ఒక విశ్రాంత డైటీషియన్,
బరంపురం, గంజాం జిల్లా, ఒడిశా